'భారతం 18 పర్వాలు': ఇందులో క్రియ ఏది?

సందేహం: మా అబ్బాయి పదో తరగతి. ఇంగ్లిష్ పరీక్షలో 'మహాభారత ఈజ్ కంప్రైజ్డ్ ఆఫ్ 18 పర్వాస్' అని రాస్తే టీచర్ కొట్టేశారు. 'కోవా ఈజ్ మేడ్ విత్ మిల్క్' అన్నచోట విత్ చుట్టూ సున్నా చుట్టి ఫ్రమ్ అని దిద్దారు. తెలుగు పేపర్లో మాత్రం 'భారతం 18 పర్వాలను కలిగి ఉంది' అన్నా మార్కులు పడ్డాయి. పాలతోనే కదండీ కోవా చేసేది! మరి విత్ అంటే తప్పేమిటి?
– ఒక తల్లి, ఒంగోలు

సమాధానం: అమ్మా, ముందు ఆ మార్కులు పడ్డ వాక్యం సంగతి చూద్దాం. నా చేతిలో ఉంటే మొదట కొట్టేసేది దాన్నే. మా నెల్లూరులో కాస్త చదువుకున్న పెద్దాయన్ని ఎవర్నడిగినా 'భారతం 18 పర్వాలు, అందులో 15 తిక్కనగారివి' అంటాడు. క్రియ లేదు, విభక్తి లేదు, అయినా అర్థానికి లోటు రాలేదు. ఇంగ్లిష్ వాక్యం క్రియ లేకుండా నిలబడదు కాబట్టి వాళ్లకొకటి కావాలి. దాన్ని తెలుగు చేసే తొందరలో మనకీ 'కలిగి ఉంది' తగిలించారు. 'ఆవు నాలుగు కాళ్లను కలిగి ఉంది' కూడా ఆ బాపతే. ఆవుకి నాలుగు కాళ్లు, అంతే.

ఇంగ్లిష్‌కొస్తే, కంప్రైజ్‌లోనే ఆఫ్ ఇమిడి ఉందనుకోండి. 'కంప్రైజెస్ 18 పర్వాస్' అంటే చాలు. 'ఈజ్ కంప్రైజ్డ్ ఆఫ్' వాడుకలో బాగానే ఉంది, నిఘంటువుల్లోకీ ఎక్కింది. కానీ అది గిట్టనివాళ్లు ఇంకా చాలామందే. పరీక్షలో ఆ టెన్షన్ ఎందుకు, 'కన్సిస్ట్స్ ఆఫ్' అని రాస్తే సరిపోయె. దాని ముందు ఈజ్ పెట్టకూడదు. కంపోజ్డ్ ఆఫ్‌కి మాత్రం ఈజ్ ఉండాలి. ఈ కంపోజ్డ్‌తో ఒక తమాషా ఉంది: పక్కన ఆఫ్ వస్తే పర్వాలు, బై వస్తే తిక్కన!

అసలు రుచంతా మీ కోవా ప్రశ్నలో ఉంది. తో అంటే విత్ అని చిన్నప్పుడే నేర్పేస్తాం, పిల్లవాడు దాన్నే పట్టుకున్నాడు. ఇంగ్లిష్ వాడు వస్తువును చూస్తాడు. ఉదయగిరి గరిటెలో చెక్క చెక్కలాగే కనిపిస్తుంది, కాబట్టి మేడ్ ఆఫ్ వుడ్. కోవాలో పాలు ఆనవాలు పట్టలేం, కాబట్టి మేడ్ ఫ్రమ్ మిల్క్. విత్ ఎక్కువగా, వేసిన దినుసుల్లో ఒకదాన్ని చెప్పేటప్పుడు వస్తుంది. మా చేపల పులుసులో మామిడికాయ వేస్తామే, అక్కడ 'మేడ్ విత్ మ్యాంగో' అనొచ్చు.

తెలుగు మాత్రం చేతిని చూస్తుంది. చేస్తే తో, తీస్తే నుంచి. నువ్వులతో ఉండలు చేస్తాం, నువ్వుల నుంచి నూనె తీస్తాం. 'నువ్వులతో నూనె చేశాను' అని చూడండి, వినగానే ఎబ్బెట్టుగా లేదూ? ఇక తనంతట తానే మారిపోయేదానికి విభక్తే అక్కర్లేదు: పాలు తోడుకుని పెరుగవుతాయి. 'పెరుగు పాల నుంచి తయారగును' అన్నది పాఠ్యపుస్తకాల భాష, వంటింట్లో ఎవరూ అనరు.

దీనికి కారణం 'నుండి' అన్న మాటలోనే ఉంది. బడిలో వల్లె వేసిన పంచమీ విభక్తి గుర్తుందా? వలనన్, కంటెన్, పట్టి. ఆ జాబితాలో 'నుండి' లేదు. అది ఉండు ధాతువు నుంచి వచ్చిన మాట. అందుకే ఒకచోట ఉన్నది అక్కణ్ణించి బయటికి వస్తేనే చక్కగా అతుకుతుంది. నూనె నువ్వుల్లో ఉండి బయటికొచ్చింది. పెరుగు పాలల్లో దాక్కుని లేదు కదా!

ఈసారి మీ అబ్బాయికి ఈ వాక్యం ఇచ్చి ఇంగ్లిష్‌లో పెట్టమనండి: '1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి, వాటితో ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు.' మీ ప్రకాశం జిల్లా కథే. తీసినచోట నుంచి, చేసినచోట తో, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మార్కాపురం కర్నూలు నుంచి, కందుకూరు మా నెల్లూరు నుంచి మీకొచ్చాయి. అక్కడ ఫ్రమ్ మానేసి విత్ రాస్తే మాత్రం నేనూ సున్నా చుడతాను.