ఈసీఈ చదివి లెక్చరర్ అవ్వాలంటే

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట, ఈసీఈ ఫైనలియర్. నాకు టీచింగ్ అంటే ప్రాణం, ఇంట్లోనేమో సాఫ్ట్‌వేర్ జాబ్ చూసుకోమంటున్నారు. పీహెచ్‌డీ అంటే ఖర్చులకెలా?

జవాబు: చూడమ్మా, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి బీటెక్, ఎంటెక్ ఉండి ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ రావాలి, కానీ పైకెళ్లాలంటే పీహెచ్‌డీ తప్పదు. ముందు ఎంటెక్ ఎంట్రన్స్ గేట్ రాసెయ్, ఆ స్కోరు 3 ఏళ్లు పనికొస్తుంది, దాంతో ఎంటెక్‌లో నెలకి 12,400 రూపాయలు వస్తుంది, తర్వాత పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 కాబట్టి ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు, ఇది మీ నాన్నగారికి చెప్పు. ఇక టీచింగ్‌లో ఆనందం అంటావా, విజయవాడలో నా ల్యాబ్‌లో ఒకమ్మాయి సీఆర్‌ఓలో (సిగ్నల్‌ని తెరమీద చూపే పరికరం) వేవ్ అంతా చెదిరిపోతుంటే గంటసేపు తిప్పలు పడింది, చూస్తే ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పే పెట్టలేదు, పెట్టగానే సైన్ వేవ్ చక్కగా నిలబడింది, ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నీకూ ఆ ఆనందం తెలియాలంటే ఈ వారమే జూనియర్స్‌కి ఒక గంట నెట్‌వర్క్స్ (సర్క్యూట్ల సబ్జెక్ట్) చెప్పి చూడమ్మా.