ముప్పై ఐదు దాటాక అమెరికాలో అగ్రికల్చర్ డిగ్రీ

పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసినవాళ్లు, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చి పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక చదువు మొదలుపెట్టాలనుకునేవాళ్లు అగ్రికల్చర్ అనగానే మొదట అడిగేది ఏ యూనివర్సిటీ మంచిదని. దానికన్నా ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది: మీరు కోరుకునే ఉద్యోగం ఏయే సబ్జెక్టుల్లో ఎన్ని క్రెడిట్లు అడుగుతుంది?

ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాల్లో ఆ లెక్క రాసిపెట్టే ఉంటుంది. కింద బ్రాకెట్లలో ఉన్నవి ఆ ఉద్యోగాల కోడ్ నంబర్లు. అగ్రానమిస్టు, అంటే పంటల శాస్త్రవేత్త (0471) పోస్టుకు ప్లాంట్ సైన్సుల్లో 30 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి, అందులో 15 పంటల సాగు, ప్లాంట్ బ్రీడింగ్, నేల యాజమాన్యం వంటివి. సాయిల్ సైంటిస్టుకు (0470) 30లో 15 అచ్చంగా నేలల సబ్జెక్టులే. సాయిల్ కన్జర్వేషనిస్టుకు (0457) 30లో 12 నేలలు, పంటలవి అయితే చాలు. పేరు ఎంత బాగున్నా, సాయిల్ కోర్సు ఒక్కటే ఉన్న డిగ్రీ పట్టుకుని సాయిల్ సైంటిస్టుకు దరఖాస్తు పెడితే మొదటి వడపోతలోనే పోతుంది. పైగా ఈ పోస్టులు దాదాపు అన్నీ సిటిజన్లకే. మిగతావాళ్లకు విత్తన, ఎరువుల కంపెనీలు, రైతుల కో-ఆప్‌లే దారి. అక్కడ విలువున్నది సర్టిఫైడ్ క్రాప్ అడ్వైజర్ గుర్తింపు. పరీక్షలు పాసై, సంబంధిత బీఎస్ ఉంటే 2 ఏళ్లు, డిగ్రీ లేకపోతే 4 ఏళ్లు పని అనుభవం చూపించాలి. అంటే ఈ దారికి డిగ్రీ తప్పనిసరి కాదు.

బీటెక్ ఉన్నవాళ్లు మళ్లీ బీఎస్‌తో మొదలుపెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. అయోవా స్టేట్, నెబ్రాస్కా-లింకన్ వంటిచోట్ల అగ్రానమీలో ఆన్‌లైన్ మాస్టర్స్ ఉంది. చిక్కంతా ముందస్తు కోర్సులతోనే. మన మార్కుల జాబితాకు కోర్సు-బై-కోర్సు ఎవాల్యుయేషన్ (ఒక్కో సబ్జెక్టు అమెరికా కోర్సుల్లో దేనికి సమానమో లెక్కగట్టడం) చేయిస్తే మేథ్స్, ఫిజిక్స్ నిలుస్తాయి, ల్యాబుతో కూడిన బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఉండవు. వాటిని కమ్యూనిటీ కాలేజీలో చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ క్రెడిట్లు తీసుకుంటామని యూనివర్సిటీ నుంచి ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. కెమిస్ట్రీ అయితేగానీ సాయిల్స్ ఇవ్వరు, సాయిల్స్ అయితేగానీ సాయిల్ ఫర్టిలిటీ ఇవ్వరు. ఆ కోర్సు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే నడిచేదైతే, ఒక్కటి తప్పినా ఏడాది పోయినట్టే.

హెచ్-4 మీద చదువుకోవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. కానీ చాలా బీఎస్‌లలో ఇంటర్న్‌షిప్ లేనిదే పట్టా ఇవ్వరు. ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) లేకపోతే అక్కడ ఇరుక్కుంటారు, కాబట్టి దాని బదులు రీసెర్చ్ ప్రాజెక్టు ఒప్పుకుంటారా అని చేరకముందే అడగండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద పూర్తి ఆన్‌లైన్ కుదరదు, ఫుల్‌టైమ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సే చెల్లుతుంది. ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 మీద పనిచేసే అనుమతి) పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మేథ్స్) చదువులకే వస్తుంది, అది కావాలంటే డిగ్రీ పేరును నమ్మకండి, సీఐపీ కోడ్ (చదువు ఏ విభాగానిదో చెప్పే ప్రభుత్వ నంబరు) చూడండి: హార్టికల్చరల్ సైన్స్ స్టెమ్ జాబితాలో ఉంది, అప్లైడ్ హార్టికల్చర్ లేదు. గ్రీన్ కార్డ్ ఉంటే ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయానికి దరఖాస్తు) పెట్టొచ్చు, వయసు అడ్డు కాదు. ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లకు మాత్రం పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని ప్రభుత్వ సాయం) రాదు.

ఊళ్లో పొలం ఉండి, వెనక్కి వెళ్లి చేసుకోవాలన్నది ఆలోచనైతే మొక్కజొన్న, సోయా చుట్టూ తిరిగే మిడ్‌వెస్ట్ సిలబస్ కొంతవరకే పనికొస్తుంది. వరికి అర్కాన్సా, లూసియానా స్టేట్, యూసీ డేవిస్ చూడండి. మామిడి, జామ తోటలకైతే ఫ్లోరిడా యూనివర్సిటీకి హోమ్‌స్టెడ్‌లో ఉన్న ఉష్ణమండల పరిశోధన కేంద్రం, హవాయి మనోవా క్యాంపస్ దగ్గరగా ఉంటాయి.