మనస్సాక్షి ధర

ప్రశ్న: ఇటలీ చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో నిజంగా సన్యాసేనా? అయితే బొమ్మలకు డబ్బు తీసుకునేవాడా? ఏడుస్తూ బొమ్మలు వేసేవాడంటారు, నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముమ్మాటికీ సన్యాసేనమ్మా. అసలు పేరు గ్విదో ది పియెత్రో, ఊరు ఫ్లోరెన్స్ దగ్గరి ముజెల్లో ప్రాంతం. మఠంలో చేరేనాటికే చేయి తిరిగిన పెయింటర్. 1423 కల్లా ఫ్లోరెన్స్ పక్కనున్న ఫియెసోలేలోని డొమినికన్ (సాధువు డొమినిక్ స్థాపించిన సన్యాసుల సంఘం) మఠంలో ఫ్రా జొవాన్ని అయ్యాడు. 'ఫ్రా' అంటే సోదరుడు, సన్యాసుల పేరు ముందు పెట్టే మాట. 'ఆంజెలికో' తర్వాతివాళ్లు పెట్టిన పేరు.

డబ్బు తీసుకునేవాడు, కానీ అది మఠానికి. సొంత ఆస్తి ఉండకూడదని వ్రతం కదా. 1433లో నారబట్టల వర్తకుల సంఘం ఆయనకు ఒక పెద్ద పని అప్పజెప్పింది. ఒప్పందంలో 190 బంగారు ఫ్లోరిన్లని (ఫ్లోరెన్స్ నాణేలు) రాసి, ఆయన మనస్సాక్షికి అంతకన్నా తక్కువ చాలనిపిస్తే తక్కువే అని చేర్చారు. వ్యాపారులు ఇలా రాశారంటే ఆయన మీద ఎంత గురో చూడండి!

ఇక ఏడుపు సంగతి. సిలువ మీది క్రీస్తును వేస్తుంటే కన్నీళ్లు కారేవనీ, వేసినదాన్ని మళ్లీ దిద్దేవాడు కాదనీ రాసింది చిత్రకారుల జీవిత కథలు రాసిన వసారి. ఆయన పుట్టింది 1511లో, మన సన్యాసి పోయింది 1455లో. కాబట్టి కన్నీళ్లకు నేను పూచీ పడను. దిద్దకపోవడంలో మాత్రం భక్తితో పాటు సున్నం పాత్రా ఉంది. ఫ్రెస్కోకు, అంటే తడి గోడ మీద వేసే బొమ్మకు, ఆ రోజు వేయగలిగినంత మేరే తడి గార పూస్తారు. నీళ్లలో కలిపిన రంగు అందులోకి ఇంకి, సున్నం గట్టిపడేకొద్దీ గోడలో భాగమైపోతుంది. తేడా వస్తే చెక్కేసి మళ్లీ పూయాల్సిందే.

ఆంజెలికోని అర్థం చేసుకోవాలంటే ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠం చూడాలి. ఫ్లోరెన్స్ బ్యాంకరు కోసిమో మెదిచి డబ్బుతో వాస్తుశిల్పి మిచెలొజ్జో దాన్ని తిరిగి కట్టాడు. 1438 ప్రాంతం నుంచి ఆంజెలికో, ఆయన సహాయకులు పై అంతస్తులో సన్యాసులుండే చిన్న గదుల్లో గదికో బొమ్మ వేశారు. చూసేది ఆ గదిలో ఉండే ఒక్క మనిషి! అందుకే ఆర్భాటం లేదు, రంగులూ తక్కువే. ఏడో గదిలో క్రీస్తు కళ్లకు గంత కట్టుకుని కూర్చుంటాడు. కొట్టేవాళ్ల శరీరాలు ఉండవు. గాల్లో ఉత్త చేతులు, ఉమ్మేసే ఒక తల, వెటకారంగా టోపీ ఎత్తుతున్న ఒక చెయ్యి. కింద మూలన సాధువు డొమినిక్ తల కూడా ఎత్తకుండా పుస్తకం చదువుకుంటున్నాడు. గదిలో ఉండేవాడు చేయాల్సిన పని అదేనన్నమాట.

తర్వాత వాటికన్‌లో పోప్ ఐదో నికొలాస్ ప్రార్థనా మందిరానికీ వేశాడు. గొప్ప పనే, బంగారమూ బాగానే మెరుస్తుంది. నన్నడిగితే ఏడో గదికే ఓటు.

రోమ్‌లోనే కన్నుమూశాడు. 1982లో పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ని ధన్యుడిగా (సాధువు హోదాకు ముందు మెట్టు) ప్రకటించారు, 1984లో కాథలిక్ కళాకారులకు రక్షకుడిగా ప్రకటించారు.