జీతం సరే, అబ్బాయి పడుకునేది ఎక్కడ?

ప్రశ్న: మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేశాడు. ఖతర్‌లో కంపెనీ వీసా ఉంది, 1,300 రియాళ్లు, రూమూ తిండీ కంపెనీవే అంటున్నారు. ఇంకో ఏజెంటు దుబాయ్‌కి ఆజాద్ వీసా ఇప్పిస్తానంటున్నాడు. నెలకు 2,000 దిర్హమ్‌లు వస్తాయట, రూము మాత్రం సొంత ఖర్చు. ఎవరికైనా లక్షన్నర కట్టాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంట్లో ఉంచాం. కువైట్ అగ్నిప్రమాదం గుర్తొచ్చి వాళ్లమ్మ పంపనంటోంది. ఏది మేలు? (ఒక తండ్రి, జగిత్యాల జిల్లా)

జవాబు: లెక్కలు తర్వాత, ముందు వాళ్లమ్మ భయం సంగతి. అది ఉత్త భయమేమీ కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో తగలబడింది కంపెనీ ఇచ్చిన బిల్డింగే. కింద గార్డు గదిలో షార్ట్ సర్క్యూట్. గదుల మధ్య ఇట్టే అంటుకునే పార్టిషన్లు. పైకి పరుగెత్తినవాళ్లకు ఎదురైంది తాళం వేసిన డాబా తలుపు. పోయిన భారతీయులు కనీసం 45 మంది, అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. చాలామందిని పొగే చంపింది. కాబట్టి ‘కంపెనీ రూము’ అనగానే నిశ్చింత పడకండి. అలాగని పంపడం మానుకోనక్కర్లేదు. ఆ తాళం, ఆ పార్టిషన్ ముందురోజు చూసినా కంటికి కనబడేవే. పైగా మీవాడు చదివింది కరెంటు పని.

ఇక లెక్క. ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే 300 కలిపి ఇవ్వాలి. అంటే మీకు చెప్పిన 1,300ను 2,100 కింద చూడండి. రియాలూ దిర్హమూ దాదాపు ఒకటే. ఖతర్ నిబంధనల ప్రకారం గదికి నలుగురే ఉండాలి, మనిషికి 6 చదరపు మీటర్ల చోటివ్వాలి, మంచం మీద మంచం వేయకూడదు. దుబాయ్ 2,000లోంచి బెడ్‌స్పేస్ (గదిలో ఒక మంచం అద్దె), తిండి, బస్సు తీసేసి చూడండి.

ఆజాద్ వీసా మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. చట్టంలో అలాంటి వీసా లేనే లేదు. ఎవరో ఒక కంపెనీ పేరు మీద వీసా కొట్టించి, బయట పని వెతుక్కోమని వదిలేస్తారు. ఇంకొకరి దగ్గర పని చేస్తూ దొరికితే ఇంటిదారే. అంతకన్నా ముందు వచ్చే కష్టం గది. ఒక హాలును ప్లైవుడ్‌తో ముక్కలు చేసి మంచాలు అద్దెకిస్తారు. అగ్రిమెంటు ఒకరిది, ఉండేది పదిమంది. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, సత్వా వంటి చోట్ల ఈ పార్టిషన్ల మీద పడింది. అలాంటప్పుడు సంచి పట్టుకుని రోడ్డున పడేది మంచం అద్దెకు తీసుకున్నవాడే. అగ్రిమెంటులో పేరు లేదు కాబట్టి ఇచ్చిన అడ్వాన్సు కూడా గట్టిగా అడగలేడు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000, దానిపైన జీఎస్టీ. మీరు లక్షన్నర సిద్ధం చేశారు. నెలకు వడ్డీయే 4,500. ఆ అప్పు నెత్తిన పెట్టుకుని వెళ్లినవాడు బోర్డులో వైరు వాసన వస్తోందని ఎవరితో చెబుతాడు? ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని పడుకుంటాడు. అక్కడి యజమాని కన్నా ముందు వాడి నోరు కట్టేస్తున్నది మీరు.

పది పాసయ్యాడు కాబట్టి ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లడానికి మన ప్రభుత్వ క్లియరెన్స్ అక్కర్లేనిది, వచ్చి ఉంటుంది. క్లియరెన్స్ గొడవ లేదని ఏజెంటు సంబరపడతాడు. కానీ కాంట్రాక్టు మన ప్రభుత్వం కంటపడేది ఆ క్లియరెన్స్ దగ్గరే. మీవాడికి అది లేదు గనుక కాగితం మీరే చదివించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు ఉందో లేదో చూడండి. వసతి కంపెనీదేననీ, దానికి జీతంలో కోత లేదనీ కాంట్రాక్టులో రాసి ఉండాలి. ఆ కంపెనీ క్యాంపులో (కార్మికుల వసతిలో) ఉన్న మనవాళ్లతో రాత్రిపూట వీడియో కాల్ చేయించండి. ఫొటోలకైతే ఖాళీ గది చూపిస్తారు. రాత్రయితే మంచాలెన్నో, వంట ఎక్కడో దాచలేరు.

మీవాడు దిగిన రోజే మెట్లదారులన్నీ దిగి చూడాలి, డాబా తలుపు తెరుచుకుంటుందో లేదో తోసి చూడాలి. గదిలో 2,000 వాట్ల హాట్‌ప్లేట్, అన్ని వాట్లదే కెటిల్ ఒకే ఎక్స్‌టెన్షన్‌కు పెడితే లాగేది దాదాపు 17 ఆంపియర్లు. అక్కడి ప్లగ్గులో ఫ్యూజు 13. అది కొట్టేసినప్పుడల్లా సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి నడిపిస్తుంటారు. అప్పుడు ఫ్యూజుకు బదులు పరుపు కింది వైరు కాలుతుంది. ఇది మీవాడు గదిలో అందరికీ చెప్పాలి. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టనివ్వకూడదు. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తేడా కనిపిస్తే క్యాంపు బాస్‌కు ఫొటోతో వాట్సాప్ పెట్టాలి, రుజువు ఉంటుంది. కదలకపోతే అక్కడి కార్మిక శాఖ, దోహాలోని మన ఎంబసీ, మీరైతే ఇక్కడి నుంచి మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల మదద్ పోర్టల్. కోపంతో క్యాంపు వదిలిపోతే పరారీ కేసు పెట్టి ఖల్లివల్లి (కాగితాల్లేని అక్రమ కార్మికుడు) చేస్తారు. 2020 నుంచి ఖతర్‌లో ఎన్‌ఓసీ (పాత యజమాని అనుమతి పత్రం) లేకుండానే, నోటీసిచ్చి కంపెనీ మారొచ్చు. పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోవాలి.

డబ్బు ఇంకా మీ ఇంట్లోనే ఉంది కదా, ముందు దాన్ని వడ్డీ వ్యాపారికి తిరిగి ఇచ్చేయండి. ఖతర్ ఏజెంటును ఆ వీడియో కాల్ అడగండి. సాకులు చెబితే విదేశీ ఉద్యోగాలిప్పించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి.