మూడింటికే లేచే అమ్మ

ప్రశ్న: మా అమ్మకు 82 ఏళ్లు, డిమెన్షియా. చెన్నై శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో చేర్చి నాలుగు నెలలైంది. పుట్టిల్లు గూడూరు. పెళ్లయ్యాక నాన్నతో కలిసి మద్రాసు పాత కూరగాయల మార్కెట్టు కొత్తవాల్ చావడిలో నిమ్మకాయల మండీ నడిపింది. చేరినప్పటి నుంచీ రోజూ తెల్లవారుజామున మూడింటికే లేచి తలుపు దగ్గర నిలబడుతోందట. నిద్రమాత్ర వేయిద్దామంటున్నారు. యాభై ఏళ్లు తమిళం మాట్లాడిన మనిషి ఇప్పుడు తెలుగు తప్ప పలకదు, ఎవరితోనూ కలవదు. 80 ఫొటోలతో ఆల్బం చేసిస్తే పక్కకు నెట్టేసింది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మాత్ర సంగతి. రాత్రి ఎన్నింటికి పడుకోబెడుతున్నారో అడగండి. ఎనిమిదికే లైట్లు తీసేస్తుంటే, మూడింటికి ఏడు గంటల నిద్ర పూర్తయినట్టే. పైగా మీ అమ్మగారు మండీ మనిషి. 1996లో మార్కెట్టు కోయంబేడుకు మారేదాకా చావడిలో బేరాలు చీకటితోనే మొదలయ్యేవి. తలుపు దగ్గర నిలబడటమంటే ఆమె లెక్కలో పనికి బయల్దేరడం. నిద్రమాత్రతో ఈ వయసులో తూలి పడే ప్రమాదం ఉంది, అయోమయమూ పెరుగుతుంది. ఉన్నట్టుండి నాలుగైదు రోజుల్లోనే మనిషి మారిపోతే మాత్రం అది పాత అలవాటు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉన్నాయేమో డాక్టరుకు చూపించండి. ఇప్పటికే వాడుతున్న మందులు ఉంటే మీ అంతట మీరు ఆపకండి.

మధ్యాహ్నం నిద్ర అరగంట దాటనివ్వొద్దనండి. రాత్రి పడుకోవడం తొమ్మిదిన్నరకు జరపమనండి. మూడింటికి లేస్తే బాత్రూముకు తీసుకెళ్లి, చిన్న దీపం వేసి, వేడి పాలు ఇచ్చి కూర్చోబెడితే చాలు. ‘చావడి ఇప్పుడు లేదు’ అని వాదించొద్దు. ‘లారీ వచ్చేస్తోంది’ అని అబద్ధమూ అల్లొద్దు. ‘రోజుకు ఎన్ని బస్తాలు దిగేవి?’ అని అడిగితే ఆమె చెప్పుకుంటూ పోతారు, కాళ్లు తలుపు మరిచిపోతాయి.

ఇదంతా రాత్రి డ్యూటీ ఆయాకు తెలియాలిగా! ఆల్బం కంటే ముందు మీరు చేయాల్సింది ఒకే ఒక్క కాగితం. తమిళంలో, పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఏమని పిలిస్తే పలుకుతారో మొదట రాయండి. ‘పాట్టి’ (తమిళంలో అవ్వ) అంటే తననే అని ఇప్పుడు తోచకపోవచ్చు. తర్వాత ఊరు, చేసిన పని, లేచే వేళ, కాఫీలో చక్కెర ఎంత, దేనికి భయం. కింద పది తెలుగు మాటలు తమిళ లిపిలో, పక్కన అర్థం: నొప్పి, దాహం, ఒంటికి, చలి, కళ్లు తిరుగుతున్నాయి... ‘ఒంటికి’ అర్థం కాక పక్క తడిస్తే, ఆ తప్పు అమ్మగారి మీద పడుతుంది. ‘పోదాం’ కూడా తప్పకుండా రాయండి. తమిళంలో ‘పోదుం’ అంటే చాలు. ఆమె భోజనం దగ్గర ‘పోదాం’ అంటే కంచం తీసేసే అవకాశం ఉంది. ఈ జబ్బులో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం, చిన్ననాటి భాష మిగలడం తరచూ జరిగేదే. అది మొండితనం కాదు.

డబ్బు గొడవలు, ఇంటి తగాదాలు ఆ కాగితం మీదకు రానివ్వకండి. బిడ్డను పోగొట్టుకోవడం లాంటి దుఃఖం ఏదైనా ఉంటే అక్కడి పెద్ద నర్సుకు నోటితో చెప్పండి.

ఇక ఆల్బం. ఎనభై ఫొటోలు బరువు. ఒకే పేజీలో నాలుగు మొహాలుంటే కళ్లు నిలవవు, నిగనిగలాడే కాగితం ట్యూబ్‌లైటు కింద మెరిసి ఏమీ కనబడనివ్వదు. పన్నెండు చాలు. పేజీకి ఒకటి, మ్యాట్ ప్రింటు, కింద ఒక్క పంక్తి. పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల వయసు దాకా జరిగినవి ఎక్కువ నిలుస్తాయి కాబట్టి గూడూరు ఇల్లు, పెళ్లి, మండీ ముందు పెట్టండి. మనవళ్లు చివర్లో. అసలు ఫొటోలు మీ దగ్గరే ఉంచుకోండి. ‘ఇదెవరో చెప్పు’ అని మాత్రం అడగొద్దు, అది పరీక్ష. తెలియక సిగ్గుపడి నెట్టేస్తారు. ‘ఇది గూడూరు స్టేషనమ్మా’ అని మీరే అని ఆగండి. ఉదయం పదింటికి, ఇరవై నిమిషాలు. సాయంత్రాలు వద్దు, చీకటిపడే వేళకు చాలామందికి కలవరం ఎక్కువవుతుంది.

తోడు కోసం తెలుగువాళ్లనే వెతకనక్కర్లేదు. పాత మద్రాసులో కూరగాయలు కొన్న ఏ ముసలమ్మకైనా చావడి తెలుసు. చాకలిపేట, రాయపురం వైపు వాళ్లెవరైనా ఉంటే భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టమని అడగండి. ఈసారి వెళ్లేటప్పుడు రెండు కిలోల నిమ్మకాయలు, మూడు పళ్లేలు పట్టుకెళ్లండి. పెద్దవి, నడిమివి, చిన్నవి అని ఏరడానికి భాష అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చున్నాక అమ్మగారినే ఏరి చూపించమనండి. ఏరిన కాయలు వంటగదికి పంపి, మధ్యాహ్నం పులిహోర కలపమనండి.