చర్చిల చరిత్ర చదివితే పాస్టరమ్మ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చరిత్ర చివరి సంవత్సరంలో ఉంది. అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల పోరాటంలో చర్చిల పాత్ర మీద ఎంఏ, ఆపైన పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. మాది చర్చికి వెళ్లే కుటుంబం కాదు. పాస్టరమ్మ అవుతుందా అని బంధువులు నవ్వుతున్నారు. ఎలాగూ అమెరికా అంటోంది కదా, ఎంఎస్ డేటా అనలిటిక్స్ చేయమంటున్నాను. రెండూ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, తెనాలి

పోలుస్తాను. దానికి ముందు ఒక మాట. మీ ఉత్తరంలో బంధువులు ఏమన్నారో ఉంది, మీరేమనుకుంటున్నారో ఉంది. అమ్మాయి ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకుందో ఒక్క వాక్యం కూడా లేదు. మీరు అడగలేదు కాబట్టి రాయలేకపోయారు. ఇలాంటి ప్రశ్నలు ఎన్ని వచ్చినా అడుగున ఉండే భయం ఒకటే: పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను.

ఇది దైవశాస్త్రం కాదు. పాస్టర్ శిక్షణకు సెమినరీలు వేరే ఉన్నాయి. ఈమె చదవబోయేది డబ్బు, బండ్లు, చట్టం, జనసమీకరణ. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ ఊరి సంగతే చూడండి. 1955 డిసెంబర్ 1న బస్సులో తెల్లవాడికి సీటు వదలనన్న రోజా పార్క్స్ అరెస్టు, 5వ తేదీ నుంచి బస్సుల బహిష్కరణ, మొత్తం 381 రోజులు. ‘బహిష్కరించారు’ అని పాఠ్యపుస్తకం ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఊరికి అవతలి కొసన తెల్లవారి ఇళ్లలో వంటకు వెళ్లే మనిషి రోజూ పొద్దున్నే పనికి ఎలా చేరింది? పరిశోధన అక్కడ మొదలవుతుంది.

మొదట నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. కనీస చార్జీ 45 సెంట్లు వసూలు చేయాల్సిందేనని అధికారులు చట్టం బయటికి తీశారు. దాంతో సొంత కార్లున్నవాళ్లు ముందుకొచ్చారు. దాదాపు 300 కార్లు, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, వేళలు. ఈ ఏర్పాటు ఎలా నడపాలో ఆ బహిష్కరణకు నాయకుడైన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్‌కు చెప్పింది లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్ పాస్టర్ టి.జె. జెమిసన్. ఆయన 1953లోనే తన ఊళ్లో బస్సుల బహిష్కరణ నడిపి ఉన్నాడు. తర్వాత మాంట్‌గోమరీ చర్చిలు స్టేషన్ వ్యాగన్లు కొని తమ పేర్ల మీదే రిజిస్టర్ చేయించాయి. అవతలివాళ్లు బీమా మీద దెబ్బకొట్టారు. పాలసీ లేని బండి రోడ్డెక్కదు కదా. స్థానిక పాలసీలు వరసగా రద్దవుతుంటే అట్లాంటాలోని నల్లజాతి బీమా ఏజెంటు టి.ఎం. అలెగ్జాండర్ ద్వారా లండన్‌లోని బీమా సంస్థ లాయిడ్స్ నుంచి బీమా తెచ్చుకున్నారు. చివరికి 1956 నవంబర్ 13న స్థానిక కోర్టు ఆ కార్ల ఏర్పాటునే ఆపేసింది. సరిగ్గా అదే రోజు బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదన్న తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ ఉత్తర్వు ఊరికి చేరింది డిసెంబర్ 20న. మధ్యలో ఐదు వారాలు జనం నడిచారు.

చర్చిలే ఎందుకు? పాస్టర్ జీతం సంఘం కానుకల్లోంచి వస్తుంది, తెల్ల యజమాని చేతిలోంచి కాదు. టీచరు ఉద్యోగం అలా కాదు. సెప్టిమా క్లార్క్ దాదాపు 40 ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో చార్ల్‌స్టన్‌లో ఆమె ఉద్యోగం ఊడింది. అదే ఏడాది అలబామా ప్రభుత్వం ఆ సంస్థనే నిషేధిస్తే, బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టర్ చర్చిలను ఆధారం చేసుకుని కొత్త సంస్థ పెట్టాడు. ఆ క్రిస్మస్ రాత్రే ఆయన ఇంటిమీద బాంబు పడింది.

అలాగని చర్చిలన్నీ ముందుకొచ్చాయని కాదు. చాలామంది పాస్టర్లు తలుపులు వేసుకున్నారు. నల్లజాతి బాప్టిస్టు చర్చిల సమాఖ్య నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అధ్యక్షుడు జె.హెచ్. జాక్సన్ కింగ్ పద్ధతిని బాహాటంగానే వ్యతిరేకించాడు, 1961లో ఆ సంస్థ చీలింది. ఇక వేదిక మీద మగవాళ్లు, వంటింట్లో జార్జియా గిల్‌మోర్. ఈమె జట్టు భోజనాలు, కేకులు అమ్మి కార్ల ఏర్పాటుకు డబ్బు తెచ్చింది. ఎవరిచ్చారో ఎవరికీ చిక్కకుండా ఆ జట్టుకు ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. ఇంత లెక్క విప్పగలిగిన అమ్మాయి ఎటూ కాకుండా పోదు.

ఇప్పుడు మీ ఎంఎస్ సంగతి. నాకున్న అనుమానాలు దాచుకోను. బీఏ చరిత్ర నుంచి డేటా అనలిటిక్స్‌కు వెళ్లాలంటే స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ ముందు విడిగా నేర్చుకోవాలి. అవి లేకపోయినా సీటిచ్చే కాలేజీకి కావలసింది మీ ఫీజు. చదువయ్యాక అక్కడే పనిచేయడానికిచ్చే అనుమతి (ఓపీటీ) మామూలుగా 12 నెలలు, సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల (స్టెమ్) కోర్సుకు మరో 24. అయితే పేరులో ‘అనలిటిక్స్’ ఉన్న ప్రతి కోర్సూ స్టెమ్ కాదు, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద, కోర్సు ఏ రకమో చెప్పే సీఐపీ కోడ్ చూస్తేనే తేలుతుంది. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ: ఏటా 65 వేలు, అమెరికా మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20 వేలు. ఈ వరసలో ఎక్కడ తప్పినా అప్పు మాత్రం తప్పదు. పైగా ఇది ఆమెకు ఇష్టం లేని చదువు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి, పిల్లకు అక్కర్లేని డిగ్రీ కొని, దానికి ‘సేఫ్’ అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. మీకు కావలసింది బంధువులకు చెప్పుకోడానికి ఒక మాట. దానికి అంత ఖరీదు పెట్టకండి.

అమ్మాయికీ ఒక హెచ్చరిక ఉంది. సొంత డబ్బుతో అమెరికాలో చరిత్ర ఎంఏ వద్దు. అక్కడ మాస్టర్స్‌కు ఆర్థిక సాయం తక్కువ, ఓపీటీ 12 నెలలే. ఫీజు మాఫీ, స్టైపెండ్ దొరికేది పీహెచ్‌డీకి. ఈ మధ్య మానవీయ శాస్త్రాల్లో ఆ సీట్లూ తగ్గిస్తున్నారు. పీహెచ్‌డీ అయినా ప్రొఫెసర్ కొలువు దొరకడం అక్కడా కష్టమే, ఇక్కడా కష్టమే.

అందుకని ఎంఏ ఇక్కడే చేయనివ్వండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట. ప్రవేశ పరీక్షలు, నెట్ సంగతులు ఆమెకు తెలిసే ఉంటాయి, రాయను. నెట్‌లో ముందు నిలిచినవారికిచ్చే పరిశోధన వేతనం జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు. ఇక్కడ పీహెచ్‌డీలో చేరినవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఎంపికైతే 6 నుంచి 9 నెలలు అమెరికా ఆర్కైవుల్లో పనిచేయొచ్చు, మీ జేబులోంచి కాదు. తెలుగు చదవగలగడం ఆమెకు అదనపు బలం, అమెరికా చర్చిల కథ తెలుగునాట కూడా నడిచింది కాబట్టి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన మిషన్ అమెరికన్ బాప్టిస్టులది, ఆ బాప్టిస్టుల చారిత్రక గ్రంథాలయం ఉన్నది కింగ్ సొంతూరు అట్లాంటాలోనే.

దరఖాస్తులు ఎక్కువగా చెడిపోయేది ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే ఉద్దేశ పత్రంలో (ఎస్‌ఓపీ). ‘కింగ్ ప్రసంగం నన్ను కదిలించింది’ అని మొదలుపెడతారు. అది ప్రశ్న కాదు. ‘చర్చి పేరు మీద వ్యాగన్ ఉంటే దాని బీమా రద్దు చేయడం ఎవరి చేతిలో ఉంది?’ అన్నది ప్రశ్న. ఇలాంటివి తయారుకావాలంటే అసలు కాగితాలు చదవాలి. బర్మింగ్‌హామ్ చర్చి సభల్లో పోలీసు డిటెక్టివులు కూర్చుని, ఎవరు మాట్లాడారు, ఏం మాట్లాడారు అని పై అధికారులకు నివేదికలు రాసేవారు. అవి ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. శత్రువు రాసిన మినిట్స్ బుక్కన్నమాట. ఆ డిటెక్టివు ఏది విన్నాడు, ఏది వినీ అర్థం చేసుకోలేకపోయాడు అని ఇరవై పేజీలు రాయగలిగితే, ఎక్కడికైనా పంపదగ్గ రచన చేతిలో ఉన్నట్టే.

రెండు మూడు ప్రయత్నాల్లో జేఆర్‌ఎఫ్ రాకపోతే నేషనల్ ఆర్కైవ్స్ నడిపే ఏడాది పీజీ డిప్లొమా ఉంది, లైబ్రరీ సైన్స్ ఉంది. పాత రికార్డులు చదవడం వచ్చినవాళ్ల కోసం చూసే సంస్థలు ఉన్నాయి, జీతం మొదట్లో గొప్పగా ఉండదు.

ఈ రెండేళ్లూ సంబంధాల ఫోన్లు వస్తూనే ఉంటాయి. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ చేస్తోందని చెప్పండి. ఏ విషయం మీద అని అడిగితే ఫోను అమ్మాయికివ్వండి.