15 లక్షలు కట్టి బాబును హోమ్‌లో చేర్చమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యాను, వయసు 63. పెన్షన్ 42 వేలు వస్తుంది. బ్యాంకులో 22 లక్షలు, ఎకరం కొబ్బరి తోట ఉన్నాయి. మా అబ్బాయికి 27 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల తక్కువ, 75 శాతం అని సర్టిఫికెట్ ఉంది. కొబ్బరికాయలు కోయించే దింపు రోజున తోటకు వచ్చి కాయలు ఏరి కుప్ప పోస్తాడు. వాళ్లమ్మ కలిపి పెడితేనే అన్నం తింటాడు. 15 లక్షలు ఒకేసారి కడితే జీవితాంతం చూసే హోమ్ ఉందని బంధువులు చెబుతున్నారు. మా అన్నయ్య కొడుకేమో తోట రాసిస్తే తానే చూసుకుంటానంటున్నాడు. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. వాడిని ఇంట్లోనే ఉంచుకోవాలని మా ఆశ. కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది మాస్టారూ. ఆ 15 లక్షలు హోమ్‌కు కట్టకండి, తోట ఎవరికీ రాయకండి. మీ తర్వాత కోసమని దాచిన డబ్బును మీరుండగానే బాబు మీద ఖర్చు పెట్టడం మొదలెట్టండి.

ఎందుకంటే, వాళ్లమ్మ పెడితేనే తింటాడని రాశారు చూడండి, నాకు అసలు భయం అక్కడే. నాకు తెలిసిన ఒక ఇంట్లో తల్లి హఠాత్తుగా పోయింది. డబ్బుకు లోటు లేదు. పిన్ని పప్పన్నం కలిపి నోటి దగ్గర పెడితే ఆ కుర్రాడు పెదవులు బిగబట్టి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజుకు గానీ నాలుగు గుక్కల మజ్జిగ తాగించలేకపోయారు. మీ బాబుకు ఆ పరిస్థితి రాకూడదు.

బడి వయసు పిల్లలకైతే, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి. 27 ఏళ్ల వాడికి సాయం మనమే ఏర్పాటు చేసుకోవాలి. మీ ఊళ్లోనే ఓపికున్న మనిషిని పగటిపూట పెట్టుకోండి. మొదటి నెల అమ్మగారు పక్కనే కూర్చుని, ముద్ద తాను కలిపి ఆ మనిషి చేత పెట్టించాలి. తర్వాత కలపడం కూడా ఆ మనిషికే వదిలేయాలి. స్నానం, మాత్రలు, సాయంత్రం నడక, ఇలా ఒక్కొక్కటే చేయి మారాలి. దింపు రోజు పని మాత్రం మానిపించకండి, అది వాడి సొంత పని.

ఇక జీతం. 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే ఇప్పటి 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. అంటే నెలకు పదివేల పైచిలుకు. హోమ్ వాళ్లు అడిగిన ఆ డబ్బే అసలు కదలకుండా మనిషికి జీతమిస్తుంది. మిగిలిన 7 లక్షల్లో రెండు లక్షలు చేతికందేలా ఉంచుకుని, ఐదు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. వైకల్యమున్న బిడ్డ పోషణకిచ్చే 80డీడీ పన్ను మినహాయింపు కోసం పాలసీ కొనమని ఎవరైనా వస్తే వద్దనండి. అది పాత పన్ను విధానంలోనే ఉంది, మీ ఆదాయానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు.

చాలామంది టీచర్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. మీ తర్వాత అమ్మగారికి, ఆమె తర్వాత సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీ పెన్షన్ కాగితాల్లో బాబు పేరు, వైకల్యం వివరం ఉన్నాయో లేదో ఈ వారమే సబ్ ట్రెజరీలో అడగండి. లేకపోతే సర్టిఫికెట్ ఇచ్చి రాయించండి. ఇద్దరూ పోయాక అమ్మాయి ఒక్కతే ఆ కాగితాల కోసం తిరగడం ఎంత కష్టమో నేను చూశాను.

18 దాటాక తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు. బుద్ధిమాంద్యం వంటి వైకల్యాలున్నవారి కోసం తెచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. మీ జిల్లా కేంద్రం అమలాపురమే. గార్డియన్ అయినవాళ్లు ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. అదే నేషనల్ ట్రస్ట్ నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఇస్తుంది. ఏడాదికి లక్ష దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి, కట్టేది వందల్లోనే. రెన్యువల్ తేదీ మరచిపోకండి.

మీ అన్నయ్య కొడుకు మంచివాడే కావచ్చు. అయినా బాబును చూసే మనిషి వేరు, డబ్బు పట్టే మనిషి వేరు ఉండాలి. రెండూ ఒకే చేతిలో పెడితే బాబు తరఫున అడిగేవాళ్లుండరు. వకీలుతో మాట్లాడి, మీ తర్వాత తోట బాబు కోసమే పెట్టే సొంత ట్రస్టుకు చెందేలా వీలునామా రాయించి రిజిస్టర్ చేయించండి. అమ్మాయి, ఇంకొకరు ట్రస్టీలుగా ఉంటారు. తోట మీద వచ్చేది వాడి ఖర్చుకే పోతుంది. చూసుకునే పని ఆ అబ్బాయి చేస్తానంటే సంతోషం, దానికి నెలనెలా ఇంతని ఇవ్వండి.

హోమ్ సంగతికొస్తే, ఒకేసారి కట్టిన డబ్బు వెనక్కి రాదంటే అక్కడ ఏది నచ్చకపోయినా బాబును తెచ్చుకోలేరు. ఎప్పుడైనా కొన్నాళ్లు తప్పనిసరైతే నెలనెలా కట్టే చోటు చూద్దాం.

ఈ రాత్రికే ఒక నోటుబుక్ తీసి అమ్మగారిని కూర్చోబెట్టండి. బాబు ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటాడు, దేనికి భయపడతాడు, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటాడు, ఆమె చెబుతుంటే మీరు రాయండి. కొత్తగా వచ్చే మనిషికి మొదటి రోజే అది చదివి వినిపించాలి.